సారవ్వ ఇంట్లోంచి దారి

సుల్తాన్ బీ ప్రయాణపు సంచిని సారవ్వ మూడోసారి విప్పి మళ్ళీ సర్దింది. మొదటిసారి మెత్తటి పాత చీర ముక్కలు అడుగున పడ్డాయి. పుట్టబోయే బిడ్డకు ముందుగా కావలసినవి అవే. రెండోసారి శొంఠి, వాము పొట్లాలు గాజుల పెట్టె కింద నలిగాయి. మూడోసారి అన్నీ కుదిరాయి గాని, సంచి మూతికి తాడు బిగించడానికి ఆమెకు చేతులు రాలేదు. తాడు బిగిస్తే ఇక ప్రయాణం ఖాయమే.

నిజానికి అది చాలా మామూలు ప్రయాణం. కాజీపేటలో సుల్తాన్ బీ కూతురు నుస్రత్ బేగానికి నెలలు నిండుతున్నాయి. పొద్దున తొమ్మిదింటికి పోశం రిక్షా వస్తుంది. రిక్షాలో బస్సు దగ్గరికి, బస్సులో రామగుండం స్టేషనుకు, అక్కడి నుంచి రైలులో కూతురింటికి. పురుడయ్యాక నలభై రోజులుండి తిరిగి రావాలి. అందులో చెడిపోవడానికి ఏమీ లేదు.

"నలభై రోజులే చెల్లె. పిల్ల లేచి తిరగంగనే వస్త," అంది సుల్తాన్ బీ తమలపాకు తుడుస్తూ.

"పోయేటోళ్ళు అందరు గిట్లనే చెప్తరు అక్క. నీ అల్లుడు వేరే రాసిండు గద."

అల్లుడు రాసిన ఉర్దూ ఉత్తరాన్ని సుల్తాన్ బీయే స్వయంగా చదివి వినిపించింది. వినిపించినందుకు ఇప్పుడు బాధపడుతోంది. కుడి కంట్లో శుక్లం పెట్టుకుని, నడిస్తే కాలు విరిగే ఆ గల్లీలో ఒంటరిగా ఎందుకు ఉండటం, వచ్చినదానివి మా దగ్గరే ఉండిపో అని అతను రాశాడు. మంచివాడు. సారవ్వకు మంచివాళ్ళంటేనే భయం. వాళ్ళు తీసుకుపోయిన మనుషులను తిరిగి ఇవ్వమని అడగడానికి నోరు రాదు.

గోదావరిఖనిలో వాళ్ళుండేది తొమ్మిదో లైను. లైనుకు ఎడమ పక్క కంపెనీ క్వార్టర్లు, కుడి పక్క పంచాయతి కిందికి వచ్చే సొంత ఇళ్ళు. లోపలి చివర బొగ్గు రైళ్ళ కోసం కట్టిన ఎత్తైన గోడ, దాన్ని ఆనుకుని ఒక చిన్న బడి. బయటికి రావాలంటే ఒకటే మార్గం, రోడ్డు వైపు మొగ. ఆ మొగలో మొదటి క్వార్టరు, టి-ఒకటి, సారవ్వది. ఎదురుగా గాజులమ్ముకునే సుల్తాన్ బీ ఇల్లు. పదేళ్ళుగా ఇద్దరూ ఒకరి తలుపు చప్పుడుకు ఒకరు నిద్ర లేస్తున్నారు.

టి-ఒకటి సారవ్వది అనడం కూడా పూర్తిగా నిజం కాదు. అది ఆమె భర్త బిక్షానికి కంపెనీ ఇచ్చింది. బిక్షం గనిలో పైకప్పు కింద దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. రెండేళ్ళ కిందట సొంతూరికి పోయి జ్వరంతో అక్కడే చనిపోయాడు. గని ఆఫీసు వాళ్ళు పేరు కొట్టేశారు. క్వార్టర్ల ఆఫీసుకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. చెప్పిన మర్నాడు సారవ్వ సామాను రోడ్డు మీద ఉంటుందని లైనంతటికీ తెలుసు. అందుకని కొత్త మనిషి ఎవరు అడిగినా ఆమె "డ్యూటీల ఉన్నడు" అని చెప్పేది. ఊరికే చెప్పేది కాదు. గని పనివాళ్ళు మూడు రిలేలుగా ఉంటారు, వాళ్ళ షిఫ్టు ప్రతి సోమవారం మారుతుంది. బిక్షం బి రిలే. సోమవారం పొద్దున్నే బి రిలే వాళ్ళు ఏ వేళకు బయలుదేరుతున్నారో చూసి, సారవ్వ కూడా భర్త షిఫ్టు మార్చేది. రెండేళ్ళలో ఒక్క సోమవారం తప్పలేదు. బతికుండగా బిక్షమే రెండు మూడుసార్లు తప్పాడు.

ఇంత జాగ్రత్తగా ఉన్న మనిషికి ఆపద మురుగు మోరి మీది బండ రూపంలో వచ్చింది. 1970 ఆగస్టు అయిదున కురిసిన వానకు ఆ బండ విరిగి, లైను మొగలో, రెండు గడపల ముందు, నడుము లోతు గుంత పడింది. సరిగ్గా సుల్తాన్ బీకి కనిపించని కన్ను వైపు. రేపు ప్రయాణం. సారవ్వ పరుగున పోయి గట్టయ్యను పట్టుకుంది. గట్టయ్య ఆ లైనులోనే ఉంటాడు, గనిలో సర్దార్. షిఫ్టు వాళ్ళకంటే ముందు దిగి, పైకప్పు తట్టి చూసి, పని చేయవచ్చో లేదో చెప్పేది అతనే. గుంత దగ్గర ఏదైనా అడ్డం పెట్టు మరిది, అని మాత్రమే సారవ్వ అడిగింది.

కాని గట్టయ్యకు ప్రమాదం విషయంలో ఒకటే పద్ధతి తెలుసు. తెల్లవారకముందే లేచి, వంటచెరకు కోసం తెచ్చిపెట్టుకున్న కంపెనీ దుంగలు తీసుకుని, సారవ్వ గోడ నుంచి సుల్తాన్ బీ గోడ దాకా, గనిలో కట్టినట్టే అడ్డంగా, ఏటవాలుగా, పక్కల సందు లేకుండా కంచె కట్టాడు. నడుమ పలక కొట్టి, సుద్దతో తారీఖు, వేళ, తన పొడి అక్షరాలు రాశాడు. తర్వాత లైనులోని ఫస్టు షిఫ్టు వాళ్ళందరినీ బయటికి పంపి, చివరి మేకులు రోడ్డు వైపు నిలబడి కొట్టి, తృప్తిగా అటు నుంచి అటే తనూ షిఫ్టుకు వెళ్ళిపోయాడు.

తొమ్మిదింటికి రిక్షా వచ్చి కంచె అవతల ఆగింది. పోశం కూడా ఒకప్పుడు గనిలో బొగ్గు నింపినవాడే. పలక మీది అక్షరాలు చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. వంగి వచ్చి సంచి అందుకొమ్మని సుల్తాన్ బీ అడిగింది. తానే దూరి వస్తానంది.

"వద్దు పెద్దమ్మ," అన్నాడు పోశం. "సర్దార్ కట్టిన కంచె దాటద్దు. నా జతగాడు ఒక్కసారి దాటిండు. తట్ట తెచ్చుకుందామని. మేం తట్టనే తెచ్చినం."

ఆ తర్వాత ఎవరూ దాటే మాట ఎత్తలేదు. కంచెకు ఇటు సుల్తాన్ బీ సంచి, అటు రిక్షా, రెండూ ఎండలో నిలబడ్డాయి. రైలు వేళ దాటిపోయింది.

మధ్యాహ్నం రెండో షిఫ్టు వాళ్ళు బయలుదేరేటప్పుడు అసలు చిక్కు తెలిసింది. లైనులో ముప్పై ఇళ్ళు, బయటికి దారి లేదు. దాటితే ఎవరికీ ఏమీ కాకపోవచ్చు. కాని గనిలో దాటనిది ఇక్కడ దాటితే, రేపు అక్కడ కాలు ఆగుతుందా అని పెద్దవాళ్ళు అన్నారు. అప్పుడు ఎవరో సారవ్వ ఇంటి వైపు చూశారు. మిగతా క్వార్టర్లన్నిటికీ ముందు తలుపు ఒక్కటే. మొదటిది కావడం వల్ల టి-ఒకటికి మాత్రం దొడ్డి తలుపు ఉంది, అది నేరుగా రోడ్డు మీదికి తెరుచుకుంటుంది. పొద్దున రైలు వేళకు మాత్రం ఆ సంగతి ఎవరికీ తోచలేదు. ఒకాయన చెప్పులు చేత పట్టుకుని, "వదినె, జెర పోత," అని లోపలికి వచ్చి, పొయ్యి పక్కనుంచి నడిచి దొడ్డి తలుపులోంచి బయటపడ్డాడు. వెనకాల పదకొండు మంది వెళ్ళారు. పన్నెండోవాడు సైకిలుతో వచ్చాడు.

గట్టయ్య పని దిగి వచ్చాక కంచె తీయమన్నారు. కట్టినవాడు తీయకూడదని, గుంత పూడ్చాక తన పైవాడైన ఓవర్‌మేన్ చూసి తీయాలని అతను చెప్పాడు. ఓవర్‌మేన్‌ను అడిగితే, తన అధికారం గని మూతి దగ్గర ఆగిపోతుందన్నాడు. ఇక కంచె తీయగల మనిషి భూమి మీద లేకుండా పోయాడు. గట్టయ్య మాత్రం నియమం ప్రకారం రోజుకోసారి వచ్చి, కంచె ఊపి చూసి, తారీఖు తుడిచి కొత్త తారీఖు వేసి పోతున్నాడు.

ఒకసారి ఆగిన ప్రయాణం వెంటనే పెట్టుకోకూడదని సుల్తాన్ బీ అంది. కూతురికి ఇంకా పది రోజులు ఉన్నాయట. సారవ్వకు లోపల సంతోషం వేసింది, వేసినందుకు భయమూ వేసింది. పది రోజుల తర్వాతైనా వెళ్ళక తప్పదు. తిరిగి వచ్చేనాటికి గుంత అలాగే ఉంటే, అల్లుడు రాసినదంతా నిజమని తేలుతుంది. గుంత పూడితే అక్క వస్తుంది, పూడకపోతే రాదు. ఆలోచించిన కొద్దీ సారవ్వకు ఇంతకంటే వేరే సంగతి ఏదీ కనపడలేదు. శుక్రవారం నాడు, ఏ కాగితం మీదా పేరు పడకూడదని రెండేళ్ళు బతికిన మనిషి, పంచాయతి ఆఫీసుకు నడిచి వెళ్ళింది.

గుమాస్తా నర్సింగం శ్రద్ధగల మనిషి. దరఖాస్తు తానే రాస్తానన్నాడు. గుంత ఎక్కడుందో చెబితే చాలదని, దగ్గరి ఇంటి నంబరు కావాలన్నాడు. సారవ్వ ఎదురుగా ఉన్న సుల్తాన్ బీ ఇల్లు చెప్పింది. గోడ నుంచి గోడకు ఎన్ని అడుగులో అడిగి, గుంతకు టి-ఒకటే దగ్గరని తేల్చాడు.

"పెనిమిటి పేరేందవ్వా?"

"గుంతకు పెనిమిటి పేరెందుకు కొడుకా."

"గుంతకు గాదు, నీకు. పేరు లేని కాగితం మీద మట్టి పొయ్యరు."

సారవ్వ గోడమీది క్యాలెండరు వైపు తిరిగింది. బిక్షం అని చెప్పింది. ఫస్టు షిఫ్టు డ్యూటీలో ఉన్నాడని కూడా, అడగకుండానే చెప్పింది. నర్సింగం ఆ ముక్క కూడా రాసుకుని వేలిముద్ర వేయించుకున్నాడు.

ఆ తర్వాతి వారం టి-ఒకటి క్వార్టరు చరిత్రలో అంత సందడి ఎన్నడూ లేదు. తెల్లవారుజామున టిఫిను డబ్బాల చప్పుడు, తొమ్మిదింటికి బడిపిల్లలు, పదింటికి పాలమనిషి, ఎవరివో రెండు మేకలు. రెండేళ్ళుగా ఒక గ్లాసు టీ కాచుకున్న పొయ్యి మీద, వచ్చిపోయేవాళ్ళ టీకి పెద్ద గంజు గిన్నె ఎక్కింది. సుల్తాన్ బీ మంచం మీద కూర్చుని రాకపోకలు చూసేది, పెళ్ళికాని పిల్లల చేతులు పట్టుకుని గాజుల కొలత అడిగేది. బిక్షం పోయాక ఆ ఇంటి గడప తొక్కని వాళ్ళు కూడా ఇప్పుడు రోజుకు రెండుసార్లు తొక్కుతున్నారు. ఒకామె దారిలో ఆగి కూరలో ఉప్పు తక్కువైందని చెప్పి పోయింది. సారవ్వ ఉప్పు వేసి, ఆమె తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ రుచి చూపించింది. ఇంత మంది మధ్య సోమవారం ఎప్పుడు వచ్చి పోయిందో ఆమెకు తెలియనే లేదు.

నర్సింగం మాత్రం ఆ సోమవారం టేపు పట్టుకుని వచ్చాడు. గుంత కొలిచాడు, కంచె కొలిచాడు. దుంగల మీద కంపెనీ ముద్ర చూసి, ఇది కంపెనీ వ్యవహారమని దరఖాస్తును కంపెనీకి పంపాడు. శ్రద్ధగలవాడు కనుక కింద ఒక వాక్యం చేర్చాడు: ప్రస్తుతము ప్రజలు టి-ఒకటి క్వార్టరు లోపలి నుండి నడుచుచున్నారు.

క్వార్టర్ల ఆఫీసులో ఆ వాక్యం చదివిన గుమాస్తా పేరు రాజం. గురువారం పొద్దున అతను ఫైలు చంకన పెట్టుకుని, మిగతా అందరిలాగే దొడ్డి తలుపులోంచి వచ్చాడు. సారవ్వ అతన్ని కూడా బాటసారే అనుకుని టీ ఇచ్చింది. అతను సగం తాగి, బిక్షం ఏడని అడిగాడు.

"డ్యూటీల ఉన్నడు సారూ. ఫస్టు షిఫ్టు. ఇప్పుడే పోయిండు."

అంటూ ఉండగానే దొడ్డి తలుపు నిండా మసి మొహాలు కనిపించాయి. రాత్రి షిఫ్టు దిగి ఇళ్ళకు పోతున్న బి రిలే. మంచం మీద సుల్తాన్ బీ కళ్ళు మూసుకుంది. సారవ్వ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. రాజం ఫైలు తెరిచి చూసి, ముందు వచ్చినవాణ్ణి ఏ రిలే అని అడిగాడు. బి అని అతను చెప్పాడు. బి అయితే బిక్షం కూడా మీతోనే ఉండాలి కదా, ఏడి అన్నాడు రాజం.

ముందు వచ్చినవాడు సారవ్వ మొహం చూశాడు. "ఎనుక వస్తున్నడు సారూ," అని తల వంచుకుని ముందు తలుపులోంచి పోయాడు.

రాజం రెండోవాణ్ణి అడిగాడు. అతనూ ఎనుక వస్తున్నాడనే చెప్పాడు. మూడోవాడు, దీపం సరిగ్గా మండక అప్పగించడానికి ఆగాడన్నాడు. నాలుగోవాడికి ఆ సంగతి తెలియదు కనుక స్నానానికి ఆగాడన్నాడు. అయిదోవాడు, మొన్ననే అప్పు తీర్చాడండీ చాలా మంచి మనిషి, అని అడగని జవాబు చెప్పాడు. రాజం ఒక్కొక్కరినీ అడుగుతూ, టీ చల్లారేదాకా కూర్చున్నాడు. పద్దెనిమిది మంది నడిచి పోయారు. పద్దెనిమిది మంది వెనకా బిక్షం వస్తూనే ఉన్నాడు. అంత సేపు అందరి నోటా విన్నాక సారవ్వ తనకు తెలియకుండానే ఒకసారి దొడ్డి తలుపు వైపు చూసింది.

చివరికి గట్టయ్య వచ్చాడు. రాజం అతన్నీ అదే అడిగాడు. గట్టయ్య టోపీ తీసి చేత పట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో అతను చూడనిది చూశానని ఒక్కసారి కూడా చెప్పలేదు. సారవ్వ వైపు చూడలేక పొయ్యి వైపు చూశాడు.

"సర్దార్ ఆఖరుకు వస్తడు సారూ. నా ఎనుక ఎవ్వరు లేరు."

రాజం చెడ్డవాడు కాదు. ఫైలు మూసి, మిగిలిన టీ తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి పోయాడు. పై అధికారులకు రాయక తప్పదు అవ్వా అని మాత్రం అన్నాడు. అతను పోయాక సుల్తాన్ బీ తన సంచి విప్పుతానంది, కాజీపేట పోనంది. వాళ్ళు రాసేదాకా ఆర్నెల్లు పడుతుందని, ఆఫీసుల సంగతి తనకు తెలుసని సారవ్వ ఆమెను ఒప్పించింది. అబద్ధం చెప్పడంలో ఆమెకు రెండేళ్ళ అనుభవం ఉంది.

శనివారం పంద్రాగస్టు. బడిపిల్లల ఊరేగింపు సారవ్వ ఇంట్లోంచే పోవలసి వచ్చింది. నలభై మంది జేజేలు కొడుతూ పొయ్యి చుట్టూ తిరిగారు. జెండా కర్ర దర్వాజాకు తట్టుకుంది; వంచకూడదని పంతులు, వంచక పోదని పిల్లలు కాసేపు వాదించుకున్నారు. చివరికి కర్రను నిలువుగానే ఉంచి, దొడ్డి తలుపు పైన రెండు పెంకులు తీశారు. వెనకాలే వచ్చిన సర్పంచ్ నీడపట్టున నడిచినందుకు సంతోషించి, దారి బాగుంది, చల్లగా ఉంది అన్నాడు. నర్సింగం పక్కనే ఉండి రాసుకున్నాడు.

ఆదివారం సుల్తాన్ బీ బయలుదేరింది. పోశం సంచిని సారవ్వ ఇంట్లోంచి మోసుకుపోయి రిక్షాలో పెట్టాడు. తన ఇంటి తాళంచెవిని ఎప్పటిలాగే నడుముకు కట్టుకుని సుల్తాన్ బీ దొడ్డి గడప మీద ఆగింది.

"నేను వచ్చేవరకు గుంత పూడకున్నా వస్త. విన్నవా చెల్లె."

"విన్న. నువ్వు ఫికర్ చెయ్యకు, జల్ది ఎక్కు. రైలు పోతది."

వారం తిరక్కుండానే కాగితం వచ్చింది. కంపెనీ, పంచాయతి మొట్టమొదటిసారి ఒక మాట మీదికి వచ్చాయి. గుంత ఉన్న నేల పంచాయతిది, దాని కింది మోరి కంపెనీది. ఎవరు పూడ్చాలో తేలేదాకా ముట్టుకోకూడదు. తొమ్మిదో లైను ప్రజల ఇబ్బంది మాత్రం తీర్చాలి. టి-ఒకటి క్వార్టరు రికార్డుల ప్రకారం ఖాళీగా ఉన్నది కనుక, తలుపులు, పొయ్యి తొలగించి దానిని బాటగా వదలవలెను. దరఖాస్తుదారుకు వందనాలు తెలుపుతూ ఒక నకలు పంపారు.

సారవ్వను తీసుకుపోవడానికి గోదావరి అవతల జైపూర్ దగ్గరి పల్లె నుంచి ఆమె తమ్ముడు వచ్చాడు. సుల్తాన్ బీ వచ్చేదాకా ఆమె అరుగు మీద ఉంటానని సారవ్వ బతిమాలింది. తాళం వేసిన ఇంటి ముందు వానాకాలంలో ఎన్ని రోజులు కూర్చుంటావని తమ్ముడు అన్నాడు. లైనంతా వచ్చి నిలబడింది. గట్టయ్య రాలేదు; కంచె పలక మీద తారీఖు వేస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.

నుస్రత్ బేగానికి ఆడపిల్ల పుట్టింది. అల్లుడు ఎంత చెప్పినా వినకుండా సుల్తాన్ బీ నలభై ఒకటో రోజున తిరిగి వచ్చింది. కంచె అలాగే ఉండటం చూసి, దొడ్డి వైపు నుంచి నడిచి, "చెల్లె, వచ్చిన," అంటూ తలుపులు లేని రెండు గదులు దాటి లైనులోకి వచ్చేసింది. వెనక్కి తిరిగి మళ్ళీ దాటింది. పోశం సంగతి చెప్పాక, పంచాయతి ఆఫీసుకు పోయి సారవ్వను తిరిగి రప్పించమని దరఖాస్తు రాయమంది. గుంతలు, మోరీలు, వీధి దీపాల వరకే తమ పరిధి అని నర్సింగం మర్యాదగా చెప్పాడు.

సుల్తాన్ బీ అక్టోబరు మొదటి వారంలో తిరిగి వచ్చింది. సారవ్వ 1970 సెప్టెంబరు ఒకటో తారీఖున, మంగళవారం, గోదావరి దాటింది. ఆమె తిరిగి రాలేదు.